కమాను కింద దిమ్మెలు పేర్చే తమ్ముడికి

తమ్ముడూ,

నీ పేరు రాయను, షాపు పేరూ రాయను. నీ ఒక్కడితో అయ్యే పనైతే షాపుకు వచ్చినప్పుడే నీకు నేరుగా చెప్పేసేవాణ్ణి. కమాను కింద దిమ్మెలు పెట్టి బండి ఎత్తు పెంచే నీ షాపులాంటివి ఇప్పుడు చాలా ఊళ్లలో వెలిశాయి. కొత్త పికప్ కొని, వారం తిరక్కుండానే "అన్నా, వెనక లేపు" అంటూ వాటి ముందు ఆపే కుర్రాళ్లకూ కొదవలేదు. అందుకే నీకు రాసే ఉత్తరం నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా నాన్న లారీ తోలారు. ఆ లారీ కింద పాత గోనె పరుచుకుని, పానాలు అందిస్తూ పెరిగాను. ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగు, అదే కమాన్ కట్ట, ఏమిటో పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మా మేనల్లుడు నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే ఇసుజు వీ-క్రాస్ కొన్నాడు. 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతున్న బండి అది. ముందు వైపు కాయిల్ స్ప్రింగులు, వెనక ఇరుసు మీద కమాన్ కట్టలు. అనంతగిరి ఘాట్ ఎక్కి దిగడానికి, మట్టి దారిలో కాఫీ తోటల దాకా వెళ్లడానికి కొనుక్కున్నాడు. నీ షాపులో వెనక నాలుగంగుళాలు లేపించుకొచ్చి, రెండు గంటల్లో పనైపోయిందని సంబరంగా చెప్పాడు. ఎలా లేపారురా అని అడిగితే, "మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టినట్టే మామయ్యా, ఏమీ కాదన్నారు" అన్నాడు. ఆ మాట నీదే. ఈ ఉత్తరమంతా ఆ మాట గురించే.

మంచం కదలదు, తమ్ముడూ. మంచానికి బ్రేకు లేదు. లోయ పక్కన మలుపు తిరగాల్సిన అవసరం దానికి లేదు.

ఘాట్ దిగేటప్పుడు వెనక నుంచి టక్కుమని ఒక దెబ్బ వినిపిస్తోందని మేనల్లుడు చెబితే, గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన కమాన్ మేస్త్రి దగ్గరికి బండి తీసుకెళ్లాం. జాకీ మీద ఎత్తి, వెనక చక్రాలు ఊడదీశాం. కనిపించింది కనిపించినట్టు చెబుతాను. ఇరుసు మీద ఉండాల్సిన కమాను, రెండు దిమ్మెల ఎత్తున కూర్చుని ఉంది. కింది దిమ్మె పోత ఇనుము. పై దిమ్మె పెట్టె గొట్టాన్ని ముక్క కోసి, రెండు చివర్లూ రేకుతో మూసి వెల్డింగ్ చేసినది. లోపలంతా బోలు. రెండు దిమ్మెలకూ నల్లరంగు దట్టంగా వేశారు. అవి ఒకదానికొకటి ఆనిన చోట ఆ రంగు నలిగి రాలిపోయి, ఇనుము అద్దంలా మెరుస్తోంది. అంచుల వెంబడి ఎర్రటి పొడి. అది మామూలు తుప్పు కాదు. బిగువు పోయిన రెండు ఇనుప ముఖాలు లోలోపల రాసుకుంటే రాలే పొడి అది. యూ బోల్టుల మర చివర నట్టులో సగం దాకా కూడా రాలేదు. ఎడమ వైపు దిమ్మె పిన్ను వంగిపోయి, ఇరుసు ఆ పక్క బొటనవేలు మందాన ముందుకు జరిగింది. బండి రోడ్డు మీద కొంచెం అడ్డంగా నడుస్తోందన్న మాట. ఇరుసు మీదికి దిగే బ్రేకు పైపు వంపు మొత్తం పోయి, ఇరుసు గాల్లో వేలాడుతుంటే బిర్రుగా లాక్కుపోయి ఉంది.

మేస్త్రి ఏమీ మాట్లాడలేదు. దిమ్మెలు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. పైదాన్ని గోరుతో కొడితే డొల్ల చప్పుడు వచ్చింది.

కమాన్ కట్ట రెండు పనులు చేస్తుంది. బరువు మోయడం అందరికీ కనిపించే పని. కనిపించని రెండో పని ఇరుసును దాని చోట నిలబెట్టడం. కాయిల్ స్ప్రింగు ఉన్న బండిలో ఆ రెండో పనికి వేరే లింకులు, రాడ్లు ఉంటాయి. కమాన్ బండిలో అవేవీ ఉండవు. ఇరుసు ముందుకు జరగకుండా, వెనక్కి జరగకుండా, పక్కకు తప్పుకోకుండా, తనలో తాను తిరిగిపోకుండా ఆపేది ఆ పట్టీలు, వాటిని ఇరుసుకు బిగించి పట్టే నాలుగు యూ బోల్టులు మాత్రమే. సెంటర్ బోల్టు తల ఇరుసు సీటులోని రంధ్రంలో కూర్చుంటుంది. కమాను ఎక్కడ కూర్చోవాలో చూపించడమే దాని పని. తోపును ఆపడం దాని పని కాదు, దిమ్మెకు ఉండే పిన్ను పనీ కాదు. ఆపేది బోల్టుల బిగువు. ఆ బిగువు తగ్గిన రోజు పిన్ను మీద భారం పడుతుంది, పిన్ను వంగుతుంది లేదా తెగుతుంది. సరిగ్గా అలాంటి చోట నువ్వు దిమ్మె పెడుతున్నావు.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం ముందుకు తిరిగితే, ఆ తోపుకు ఇరుసు హౌసింగ్ ఎదురు తిరగబోతుంది, క్రౌన్ ముక్కు, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు వచ్చి కలిసే చోటు, పైకి లేస్తుంది. బ్రేకు తొక్కితే తిప్పుడు దిశ మారి ముక్కు కిందికి దిగుతుంది. ఆ తిప్పుడుకు కమాను ఒక పక్క ఉబ్బి, ఒక పక్క లోపలికి పోయి, ఎస్ అక్షరంలా మెలితిరుగుతుంది. కంపెనీ ఆ మెలికను లెక్కవేసి పట్టీల మందం, వరస నిర్ణయిస్తుంది. ఇక్కడ లెక్క చాలా తేలిక. టైరు నేలను పట్టుకునే చోటు నుంచి కమాను కూర్చున్న చోటు దాకా ఎంత ఎత్తు ఉంటే మెలితిప్పే మీట అంత పొడవు. 255/60 ఆర్18 టైరు వేస్తే ఇరుసు నడిమికే నేల నుంచి దాదాపు 38 సెంటీమీటర్లు. దాని మీద సీటు ఎత్తు ఇంకో నాలుగైదు వేసుకో. నువ్వు పేర్చిన రెండు రెండంగుళాల దిమ్మెలు మరో 10 సెంటీమీటర్లు కలిపాయి. అంటే అదే బ్రేకు, అదే బరువు, అదే డ్రైవరు అయినా కమాను మీద పడే మెలిక నాలుగో వంతుకు దగ్గరగా పెరిగింది. పట్టీలు మాత్రం పాతవే. ఘాట్‌లో మేనల్లుడికి వినిపించిన టక్కు ఇదే. బ్రేకు తొక్కినప్పుడు మెలిపడిన కమాను, వదలగానే ఒక్కసారిగా విడివడి ఇరుసును తన చోటికి కొడుతోంది. ఎత్తు దారిలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చక్రం నేల మీద ఎగిరెగిరి పడటం కూడా దీనివల్లే.

ఈ మెలిక ప్రొపెల్లర్ షాఫ్టునూ వదలదు. క్రౌన్ ముక్కు కోణం మారితే జాయింట్ క్రాసులు పనిచేసే కోణం మారుతుంది. రెండు ముక్కల షాఫ్టు ఉన్న బండిలో మధ్య బేరింగు మీద కూడా భారం పడుతుంది. యాభై, అరవై స్పీడులో కాళ్ల కింద సన్నగా వణుకు మొదలైతే టైరు బ్యాలెన్సింగ్ చేయించుకోమని నువ్వు పంపిస్తావు. బ్యాలెన్సింగ్‌తో పోని వణుకు అది. కోణం సరిచేయడానికి ఒక పక్క సన్నగా, ఒక పక్క మందంగా ఉండే ఏటవాలు దిమ్మెలు ఉంటాయి, మధ్య బేరింగును కాస్త దించే ముక్కలూ ఉంటాయి. అవి నీ షాపులో అడిగాను, లేవన్నావు.

దిమ్మె అన్న వస్తువే పాపం అని నేను అనను. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-350 లాంటి పెద్ద పికప్పులకు కంపెనీయే వెనక ఇరుసు మీద బ్లాకు పెట్టి పంపుతుంది. ఆ బ్లాకు ఆ బండి కోసం గీసినది. దాని పళ్లెం, బోల్టులు, కమాను బిరుసు అన్నీ కలిపి లెక్క చూసినవి. అక్కడి మంచి మెకానిక్కులు పాటించే నియమం ఒకటుంది. ఉన్న బ్లాకు మీద ఇంకో బ్లాకు ఎక్కించరు. ఇంకా ఎత్తు కావాలంటే పాతది తీసేసి ఆ ఎత్తుకు ఒక్కటే కొత్తది పెడతారు, మెలిక ఎక్కువైతే ఇరుసు నుంచి ఛాసిస్‌కు ట్రాక్షన్ బార్లు వేస్తారు. పేర్చడం ఎందుకు కూడదంటే, ప్రతి అతుకు దగ్గరా కొంత బిగువు పోతుంది. రంగు నలుగుతుంది, ఎగుడుదిగుడు ముఖాలు సర్దుకుంటాయి, నువ్వు నట్టుకు ఇచ్చిన బిగువు ఆ మేరకు కరిగిపోతుంది. దిమ్మె ఒకటి పెడితే అతుకులు రెండు, రెండు పెడితే మూడు.

ముందు ఇరుసుకు మాత్రం ఒక్క దిమ్మె కూడా వద్దు. ముందు వైపు కూడా కమాన్లున్న పాత జీపులు ఇంకా మన ఊళ్లలో తిరుగుతున్నాయి, వాటికీ వేస్తున్నావని విన్నాను. బ్రేకు తొక్కితే బరువంతా ముందుకు ఒరుగుతుంది, ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. స్టీరింగు కూడా ఆ ఇరుసుకే. అక్కడ దిమ్మె జారితే డ్రైవరు చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. ఎవరైనా మారుతి జిప్సీ తెస్తే దాని కింద ఒకసారి దూరి చూడు. దాని కమాన్లు ఇరుసుకు కింది వైపున ఉంటాయి. ఇరుసుకూ కమానుకూ మధ్య దిమ్మె పెడితే ఆ బండి లేవదు, ఇంకా కిందికి దిగుతుంది. "ఏ బండినైనా లేపుతాం" అన్న బోర్డు రాసే ముందు ఈ చిన్న సంగతి తెలిసి ఉండాలి.

బ్రేకుల దగ్గర నాకు ఇంకా ఎక్కువ కోపం. కొన్ని పికప్పులకు వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక సన్నటి రాడ్డు ఉంటుంది, దాని పైన ఒక వాల్వు. బరువు వేస్తే ఛాసిస్ దిగుతుంది, రాడ్డు కదులుతుంది, వెనక బ్రేకులకు ప్రెషరు పెరుగుతుంది. బండి ఖాళీగా ఉంటే తగ్గుతుంది, వెనక చక్రాలు పట్టేసి జారిపోకుండా. నువ్వు దిమ్మె పెట్టి ఛాసిస్‌ను ఇరుసుకు దూరం చేస్తావు, రాడ్డును మాత్రం సర్దవు. తొట్టి నిండా బస్తాలున్నా ఆ వాల్వు బండి ఖాళీ అనే అనుకుంటుంది. నిండు బరువుతో ఘాట్ దిగే బండికి వెనక బ్రేకు అరకొరగా అందుతుంది. డ్రైవరు మాత్రం బండికి ఎక్కించిన లోడు ఎక్కువైందనుకుని సర్దుకుంటాడు. వెనక దిమ్మె పెట్టిన వాడివి ఆ వాల్వు ఉందా లేదా అని ఒక్కసారి టార్చి వేసి చూడటానికి ఎంత సేపు పడుతుంది?

బ్రేకు పైపు, ఏబీఎస్ వైరు, హ్యాండ్‌బ్రేకు కేబులు ఇరుసు దిగినంత మేర సాగాలి. షాకబ్జరు పొడవు మారకపోతే, గుంతలో చక్రం కిందికి వేలాడినప్పుడు కమాను ఇంకా దిగగలిగినా షాకబ్జరు ముందే ఆఖరికి సాగిపోతుంది, ఇరుసు బరువంతా దాని చివరి బుష్షు మీద వేలాడుతుంది. ఎదురు దెబ్బకు కమాను మరీ లోపలికి వంగిపోకుండా ఆపే రబ్బరు, అదే బంప్ స్టాపు, చాలా బండ్లలో ఛాసిస్ నుంచి ఇరుసు మీదికి చూస్తుంటుంది. ఇరుసు కిందికి జరిగితే ఆ రబ్బరు అందదు. మంచి దిమ్మెలకు అందుకే పక్కన చిన్న రెక్క ఉంటుంది, రబ్బరు దాని మీద వాలుతుంది. వెనక మాత్రమే లేపితే హెడ్‌లైట్లు నేల చూపులు చూస్తాయి. వాటిని సర్దడం ఒక స్క్రూడ్రైవరు పని. అదీ చెయ్యలేదు.

ఇంత చేసి కుర్రాడికి దక్కింది ఏమిటి? ఛాసిస్, బాడీ పైకి లేచాయి. వెనక బంపరు ఏటవాలు దారిలో తగలదు, పెద్ద టైరుకు చోటు దొరికింది. ఆ లాభం నిజమే. రాయి మీద మొదట తగిలేది మాత్రం బాడీ కాదు, ఇరుసు నడుమ వేలాడే క్రౌన్ హౌసింగ్. అది ఎక్కడుందో అక్కడే ఉంది. దిమ్మె పెడితే ఇరుసు నేల నుంచి ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ టైరు ఎత్తు ఎంత పెరిగితే అందులో సగం. ఈ ముక్క నువ్వు ఏ కుర్రాడికీ చెప్పలేదు. చెబితే వచ్చినవాళ్లలో చాలామంది ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టేవాళ్లు.

"అడిగేది కస్టమరే కదా" అని నాతో అన్నావు. అడుగుతాడు, నిజమే. ఫోన్లో ఎత్తుగా నిలబడ్డ బండ్లు చూసి అడుగుతాడు. అతనికి పాతికేళ్లు, బండి కింద ఏముందో ఎప్పుడూ చూడలేదు. నీకు తెలుసు. తెలిసినవాడి దగ్గరికి తెలియనివాడు రావడమే షాపు అంటే. పైగా అతను ఒక్కడే అడుగుతున్నాడు, ఆ బండికి ఎదురుగా బైకు మీద వచ్చేవాళ్లు అడగలేదు. అరకు సంత నుంచి తిరిగి వస్తూ తొట్టిలో ఎక్కి కూర్చునే గిరిజన ఆడవాళ్లు అడగలేదు. ఇరుసు జారిన రోజు ఎవరి ప్రాణానికి ముప్పు వస్తుందో నీ బిల్లు మీద రాసి లేదు.

చట్టం సంగతి కూడా విను. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణ 182ఏ సెక్షనును మార్చి రాసింది. అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. చూశావా, ఈ శిక్ష పడేది బండి యజమానికి. నీ దగ్గర దిమ్మె కొన్న కుర్రాడికి. అతనికి ఆ సంగతి చెప్పకుండా రశీదు చింపి ఇవ్వడం నాకు అస్సలు మింగుడు పడలేదు.

ఎత్తే కావాలంటే దారులు లేకపోలేదు. ఎక్కువ వంపుతో ఆ బండి కోసమే చేసిన పూర్తి కమాన్ కట్టలు దొరుకుతాయి, వాటికి జత షాకబ్జర్లతో సహా. ఆస్ట్రేలియా నుంచి వచ్చే ఓల్డ్ మ్యాన్ ఎము లాంటివి. ఖరీదు ఎక్కువే. పెట్టలేనివాడికి ఆటోనగర్‌లో కమాన్ మేస్త్రులు ఉన్నారు. కట్టలో ఒక పట్టీ కలుపుతారు. ఖాళీగా వెళ్తే కాస్త బిరుసుగా కొడుతుంది, అయినా ఇరుసు తన సీటులో తాను ఉంటుంది. పాత పట్టీలనే కొలిమిలో పెట్టి వంపు పెంచేవాళ్లూ ఉన్నారు. మళ్లీ సరిగ్గా పదును పెట్టకపోతే కొన్నాళ్లకే ఆ వంపు దిగిపోతుంది, కాబట్టి చేయి తెలిసినవాడి దగ్గరే చేయించాలి. నన్నడిగితే మన దారులకు రెండంగుళాలు చాలు, అదీ ముందూ వెనకా లెక్క చూసుకుని.

ఇంత చెప్పినా కొందరు దిమ్మెలే కావాలంటారు. వాళ్లకు వేసేటప్పుడు నువ్వు పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. దిమ్మె ఒకటే, లోపల గట్టిది, ఆ బండి సీటు వెడల్పుకు సరిపోయేది. ఆనే ముఖాల మీద రంగు గీకేసి, మట్టీ తుప్పూ లేకుండా తుడిచి పెట్టు. యూ బోల్టులు కొత్తవి, పొడవు సరిపోయేవి. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ అదే బిగువు పట్టదు, పాతవాటికి మర పొడిగించి వాడొద్దు. నాలుగు నట్లూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచ్‌తో బిగించు. నీ గన్నుతో టరటరా కొట్టి వదిలేస్తే ఒక బోల్టు ఎక్కువ, ఒక బోల్టు తక్కువ అవుతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక బండి మళ్లీ రావాలని చెప్పు, రాకపోతే నువ్వే ఫోను చెయ్యి, వచ్చాక మళ్లీ బిగించు. బ్రేకు పైపు, వాల్వు రాడ్డు, షాకబ్జరు, హెడ్‌లైటు చూసి గానీ తాళాలు చేతికివ్వకు.

ఇప్పటిదాకా వేసినవాటి సంగతి ముందు చూడు. నీ బిల్లు పుస్తకంలో వాళ్ల ఫోను నంబర్లు ఉన్నాయి. రెండు దిమ్మెలు పేర్చినవాళ్లను, గొట్టం ముక్కలు పెట్టినవాళ్లను, ముందు ఇరుసుకు వేసినవాళ్లను మొదట పిలువు. ఊరికే చూస్తానని చెప్పు, డబ్బు అడక్కు. మొహమాటపడితే నేను పక్కన నిలబడతాను, గాజువాక మేస్త్రి ఆదివారం ఖాళీగా ఉంటానన్నాడు. మా మేనల్లుడి బండి నుంచి తీసిన దిమ్మెలు నా దగ్గరే ఉన్నాయి. వచ్చేవాళ్లకు చూపించడానికి అవి నీ షాపుకు తెస్తాను.

ఇట్లు,
శృంగవరపుకోట నుంచి,
నీకంటే వయసులో పెద్దవాడైన ఒక అన్న